ఖబర్

మా అమ్మీకి చదవడం రాదు. అందుకే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరూ రాయరు, అందరూ మాట్లాడతరు. 2020 లాక్‌డౌన్‌ల మా ఆపా కొడుకు పెట్టిండు ఆ గ్రూపు. నల్లగొండ దగ్గర ఊళ్లె అమ్మీ. హైద్రాబాద్‌ల నేను, ఆపా. తెనాలిల మామూ, ముమానీ, వాళ్ల పిల్లలు. ఆపా కోడలు లక్నో పిల్ల.

అందరం ముసల్మానులమే. అందరిదీ ఒకటే ఖాందాన్. కాని ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. అమ్మీది దక్కనీ. లక్నో పిల్లది పుస్తకంల అచ్చేసినట్టుండే ఉర్దూ. ముమానీది తెలుగు, తెలుగొక్కటే. ముసల్మానంటే ఉర్దూ, ఉర్దూ అంటే ముసల్మాను అనుకునేటోళ్లను ఒక్కపూట మా గ్రూపుల కూర్చోబెట్టాలె.

2021 మేలో మామూ పోయిండు. కరోనా. అక్కడ కర్ఫ్యూ, ఇక్కడ లాక్‌డౌన్. అమ్మీకి ఒక్కగానొక్క తమ్ముడు. జనాజాకు మేమెవరం పోలేకపోయినం.

పది రోజులయినంక గ్రూపుల అమ్మీ గొంతు వినపడ్డది. "పర్సోంఇచ్ బాతాఁ కరే మేరే సే. ఖబర్ బీ నై దేఖీ మైఁ." అంతే. తర్వాత ఏడుపు.

ఆ రాత్రి లక్నో పిల్ల నాకు ఫోన్ చేసింది. "మామూజాన్, నానీకి మతి సరిగ్గనే ఉందా?" అని ఉర్దూల అడిగింది. గొంతు వణుకుతున్నది. ఆ పిల్ల చెవికి ఎక్కింది వేరు: "మొన్ననే నాతోని మాట్లాడిండు. ఇంకా ఏ కబురూ లేదు." పది రోజుల కింద చచ్చిపోయిన మనిషి మొన్న ఎట్ల మాట్లాడతడు? కబురే లేదంటున్నదంటే తమ్ముడు పోయిన సంగతి ముసలామె మర్చిపోయిందా? డాక్టరుకు చూపిద్దామా అంటున్నది పాపం.

అమ్మీ అన్నది అది కాదు. లక్నోల పర్సోం అంటే మొన్న. మా దిక్కు గడిచిపోయిన ఏ రోజైనా పర్సోమే. పోయిన వారం కావచ్చు, పోయిన రంజాన్ కావచ్చు. ఇక ఖబర్ సంగతి. ఉర్దూల గొంతు అడుగునుంచి పలికే ఒక 'క' ఉంటది. మేము దాన్ని 'ఖ' అంటం. వాళ్ల కలమ్ మాకు ఖలమ్. అందుకే కబురూ మాకు ఖబరే, గోరీ కూడ మాకు ఖబరే. "ఈ మధ్యనే నాతోని మాట్లాడిండు. నా తమ్ముని గోరీ అన్న చూడకపోతిని" అని ఏడ్చింది మా అమ్మీ.

అర్థం చెప్పిన. ఆ పిల్ల చాలసేపు మాట్లాడలేదు. తర్వాత "మాఫ్ కీజియే" అన్నది. మాఫీ ఎందుకు బేటా? నీవు నవ్వలేదు, అడిగినవ్. మా మాట విని అడిగినోళ్లు నాకు చాల తక్కువమంది తగిలిండ్రు. నవ్వినోళ్లకే లెక్క లేదు.

ఒకసారి ఢిల్లీల ఒక సభకు పోయిన. మాటల మధ్యల 'హౌ' అన్న. అవును అనడానికి మా మాట అది. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫక్కున నవ్వి, 'గుమ్‌నామ్' సినిమాల మెహమూద్‌ను చూసినట్టుంది అన్నడు. 1965 నాటి సినిమా. దాంట్ల వంటవాని వేషానికి నవ్వు పుట్టియ్యాలని మా హైద్రాబాదీ మాట పెట్టిండ్రు. నేను పుట్టకముందే నా తల్లి భాష మీద నవ్వడం వాళ్లకు నేర్పిపెట్టిన్రన్న మాట! గోల్కొండను 1580 నుంచి 1612 దాక ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ దక్కనీలనే. ముల్లా వజ్‌హీ 1635ల 'సబ్‌రస్' అనే వచన గ్రంథం రాసింది దీంట్లనే. అప్పటికి ఢిల్లీ కవులు ఎక్కువగ ఫారసీల రాసుకుంటున్నరు. ఇదంతా ఆ పెద్దమనిషికి చెప్పాలనుకున్న. నోరు రాలేదు. ఆ రోజంతా 'జీ హాఁ' అనుకుంట తిరిగిన.

ఉర్దూ వాళ్ల దగ్గర ఇట్లయితే తెలుగు వాళ్ల దగ్గర ఇంకో తీరు. పత్రికల చేరిన కొత్తల ఒక వార్తల 'యాది' అని రాసిన. డెస్కుల సారు "ఇది తెలుగేనా?" అని కొట్టేసి 'జ్ఞాపకం' అని పెట్టిండు. పెట్టి, "ముస్లిమైనా నీకు తెలుగు బాగా వచ్చే!" అని మెచ్చుకున్నడు కూడ. యాది మాకు ఉర్దూ యాద్ నుంచే వచ్చింది, నిజమే. కాని మా పక్కింటి అవ్వ ఒక్క ముక్క ఉర్దూ రాకుండనే బతుకంత యాది అన్నది. సామల సదాశివ సారు తన జ్ఞాపకాల పుస్తకానికి 'యాది' అనే పేరు పెట్టుకున్నరు. మరి నా చేతిల పడంగనే అది తెలుగు కాకుండ ఎట్ల పోయింది? రైతు, వకీలు, జిల్లా, రశీదు, దరఖాస్తు, ఇవన్నీ ఏ దారిన వచ్చినయో ఆ దారినే వచ్చింది గద. హక్కు అనే మాట కూడ అరబ్బీ నుంచి వచ్చిందే. దాన్ని కొట్టేస్తే తెలుగోళ్లు దేనికోసం కొట్లాడతరు?

తెలుగు సినిమాల సాయిబు తెర మీదికి రాంగనే 'నిమ్‌కీ, నమ్‌కీ' అంటడు. హాలంత నవ్వుతది. అట్ల మాట్లాడే సాయిబు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇంత చెప్పినంక నా సంగతి కూడ చెప్పాలె. చెప్పకపోతే ఇదంతా అబద్ధమయితది.

మామూ ఉద్యోగానికని తెనాలి పోయి, అక్కడి పిల్లను నిఖా చేసుకున్నడు. ఆమె ఇంట్ల తాతముత్తాతల నుంచి తెలుగే. 1990 ప్రాంతంల, ఎండకాలం, మొదటిసారి మా ఇంటికొచ్చింది. ఉర్దూ రాదని తెలిసి మా అమ్మీ మర్యాదకు తెలుగుల అడిగింది, "దూపైతుందా?" అని. ఆమె మొఖం మొఖం చూసింది. "దూపంటే ఏంటి వదినా?" అన్నది. దాహం అని అమ్మీకి తెల్వదు, దూప అని ఆమెకు తెల్వదు. ఇద్దరిదీ తెలుగే! పిల్లలం పడిపడి నవ్వినం. అందరికంటె గట్టిగ నవ్వింది నేను. ఉర్దూ రాని ముసల్మాను అని నవ్వినం, మా తెలుగు రాని తెలుగామె అని నవ్వినం. "వాళ్లు ముసల్మానులేనా?" అని మా పెద్దవాళ్లు గుసగుసలు పోతుంటె విని అదీ నవ్వులాటే అనుకున్న. ఆమె ఐదుపూటల నమాజు తప్పకుండ చదివేది. మాల సగంమందిమి పండుగల నమాజీలం. అయినా ఆమెకు 'తెలుగు ముమానీ' అని పేరు పెట్టింది మేమే. ఢిల్లీల పెద్దమనిషి నన్ను చేసింది, అంతకు ఎన్నో ఏండ్ల ముందే నేను ముమానీని చేసిన.

ఆ ఖబర్ సంగతి అయినంక లక్నో పిల్లకు అడగడం అలవాటయింది. "నానీ మాట్లాడితే ఊకె బోల్కే, బోల్కే అంటరెందుకు?" అని ఒకరోజు అడిగింది. ఆ పిల్లయితే "ఉస్‌నే కహా కి ఆఊంగా" అంటది. అమ్మీ "ఆతూఁ బోల్కే బోల్యా" అంటది. తెలుగుల "వస్త అని చెప్పిండు". తెలుగు 'అని' ఎక్కడ ఉంటదో అమ్మీ బోల్కే సరిగ్గ అక్కడే ఉంటది. మాటలు ఉర్దూవి, కట్టు తెలుగుది. పక్కపక్క ఇండ్లల్ల బతికినోళ్ల మాటలు ఇట్లనే కలుస్తయి. మా నక్కో కూడ పక్కనున్న మరాఠీ నుంచి వచ్చిందే. ఇది చెడిపోయిన ఉర్దూ కాదు బేటా, ఇక్కడ బతికిన ఉర్దూ అని చెప్పిన. ఆమెకు చెప్పుకుంట నాకు నేను చెప్పుకున్న.

అమ్మీ అన్నది ఏందో తెలిసిన మర్నాడే మామూ కొడుకుకు ఫోన్ చేసిన. వాడు తల్లిని వెంటబెట్టుకొని ఖబ్రస్తాన్‌కు పోయిండు. ముమానీ గోడ బయటనే నిలబడ్డది. వాడు లోపలికి పోయి వీడియోల చూపెట్టిండు.

"ఇదిగో అత్తా, ఇక్కడే."

"తలదిక్కు చూపియ్యి బిడ్డా," అన్నది అమ్మీ.

చూపిచ్చిండు. పచ్చిమన్ను. అమ్మీ ఫాతిహా చదివింది. దువా చేసింది. తర్వాత ఆగకుండ ఏడ్చింది. వాడు ఫోన్ తీసుకుపోయి ముమానీ చేతికిచ్చిండు. చాలసేపు ఇద్దరూ ఏం మాట్లాడలేదు. ఆఖరికి ముమానీ అన్నది, "ఊరుకోండి వదినా. ఏడ్చి ఏడ్చి దూపవుతుంది. కాసిని మంచినీళ్లు తాగండి."

దూప అన్నది! తెనాలిల ఆ మాట ఆమెకు ఎవరితోని పని పడ్డది? ముప్పై ఏండ్ల కింద మేము నవ్విన మాటను ఆమె నేర్చుకొని, మా అమ్మీ కోసం దాచిపెట్టుకున్నది. ఇన్నేండ్లల్ల ఆమె భాషల ఒక్క మాట నేను దాచుకోలేదు. రెండు భాషలు వచ్చు, రాతే బతుకుదెరువు అని చెప్పుకునేటోన్ని.

ఇప్పుడు ఎవరి నోట ఏ మాట కొత్తగ వినపడ్డా 'అంటే?' అని అడుగుతున్న. పర్సోం ముమానీకి సలామ్ చెప్పిన, మాఫీ అడిగిన. దేనికి అబ్బాయ్ అన్నది. ఆమెకు యాది లేదంట.

పర్సోం అంటే ఏ రోజో మీకు చెప్పనక్కరలేదిగ.