చాదస్తం అని కొట్టిపారేసే ముందు...

మా సోంపేట వైపు ముసలాళ్ళు తిక్కగా మాట్లాడితే చెప్పుకోడానికి రెండే కారణాలు. ఒకటి చాదస్తం, రెండోది గాలి సోకడం. మొదటిదానికి నవ్వేసి ఊరుకుంటారు, రెండోదానికి తాయెత్తు కట్టిస్తారు. మూడో కారణం కూడా ఉంటుందని మా ఇంట్లో తెలిసింది పెదనాన్న వల్ల.

ఆయనకి 76 ఏళ్ళు. రెండేళ్ళుగా మతిమరుపు. వయసు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పోయినేడు కొత్త గొడవ మొదలైంది. "ఎవులో రేత్రి కాయలు దింపుకుపోతన్నారు" అంటూ అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని కొబ్బరితోటకి బయల్దేరేవాడు. 2018లో తిత్లీ తుపానుకి సగం చెట్లు పడిపోయాయన్నది ఆయనకి గుర్తులేదు. ఆ చెట్లని కూడా దొంగలే పట్టుకుపోయారంటాడు. ఆపబోతే పెద్దమ్మ మీదే అనుమానం.

మా వాట్సాప్ గ్రూపులో వెంటనే వచ్చిన సలహా... "ఏదైనా నిద్రమాత్ర రాయించండి".

నిజానికి డిమెన్షియాలో ఇలాంటివి మామూలే. 1901లో ఆల్జీమర్ డాక్టరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ళావిడ కేసే తీసుకోండి. ఆవిడలో ముందుగా బయటపడింది భర్త మీద అనుమానం!

వీటిని అంచనా వెయ్యడానికి న్యూరోసైకియాట్రిక్ ఇన్వెంటరీ అని ఓ ప్రశ్నావళి ఉంది. 1994లో జెఫ్రీ కమింగ్స్ బృందం తయారుచేసింది. మొదట 10 అంశాలు, తర్వాత నిద్ర, తిండి కూడా చేర్చి 12 చేశారు. లేనిపోని అనుమానాలు, లేనివి కనిపించడం, కోపం, దిగులు, ఆందోళన వగైరా. ప్రతిదానికీ ఎంత తరచుగా అన్నదానికి 1 నుంచి 4, తీవ్రతకి 1 నుంచి 3 మార్కులు వేసి, రెండూ గుణిస్తారు. బగ్ రిపోర్టులు రాసే మనకి ఇదేమీ కొత్త కాదు :)

జవాబులు చెప్పాల్సింది మాత్రం రోజూ పక్కనుండి చూసుకునే మనిషి. అంటే మా పెద్దమ్మ. ఆదివారం పది నిమిషాలు ఫోన్లో మాట్లాడే కొడుకు చెప్తే సరిపోదు.

విశాఖలో డాక్టరుగారు ఆవిణ్ణి విడిగా కూచోబెట్టి అడిగారు. నిజంగానే ఎవరైనా కాయలు దొంగిలిస్తున్నారా? (కొబ్బరితోటలున్న ఊళ్ళో ఇది అడగాల్సిన ప్రశ్నే.) మెల్లగా వచ్చిందా, రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి మొదలైందా? హఠాత్తుగా వస్తే డెలీరియం అయ్యుండొచ్చు. ఇన్ఫెక్షనూ, ఒంట్లో సోడియం తగ్గడమూ, కిడ్నీలు దెబ్బతినడమూ దానికి కారణాలు కావచ్చు. కిడ్నీ జబ్బులకి పేరుబడ్డ ఉద్దానంలో ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టాల్సొచ్చిన ప్రాంతం మనది. పెదనాన్నకి క్రియాటినిన్, సోడియం చూశారు. బాగానే ఉన్నాయి.

తర్వాత పగటి సంగతి అడిగారు. "పగలు బుద్దిగానే ఉంటాడు బాబూ, అరుగు మీద కూకుంటే లేవడు" అంది పెద్దమ్మ. ఊరంతటినీ పలకరించే మనిషి అలా కూచుండిపోవడం కూడా ఆ 12 లక్షణాల్లో ఒకటే. దేనిమీదా ఆసక్తి లేకపోవడం. ఎవర్నీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరమూ లెక్కెయ్యం.

మందు వెంటనే రాయలేదు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి యాంటీసైకోటిక్ మందులిస్తే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. మరీ ప్రమాదమైతే వాడతారు, ముందుగా చేసేది అది కాదు. నాలుగు వారాలు రాసి పట్టుకురమ్మన్నారు. పెద్దమ్మ కేలండర్ మీదే గీతలు పెట్టింది. మొత్తం 11 రాత్రులు. ఎక్కువగా పగలు గంటలకొద్దీ పడుకున్న రోజులే! ఇప్పుడు పగటినిద్ర తగ్గించి, సాయంత్రం చీకటి పడకముందే మనవడు తోటకి తీసుకెళ్ళి చెట్లు లెక్కపెట్టిస్తున్నాడు. పోయిన నెల గీతలు 4. పూర్తిగా పోలేదు, జబ్బూ తగ్గదు.

ఆ ప్రశ్నావళిలో ఇంకో గడి ఉంది. ఈ లక్షణం వల్ల చూసుకునేవాళ్ళకి ఎంత కష్టంగా ఉంది, 0 నుంచి 5. అది అడిగేసరికి పెద్దమ్మ ఏడ్చేసిందట. "ఇన్నాళ్ళకి నన్నడిగినారు" అందట.

మనలో చాలామంది అమ్మానాన్నలు ఊళ్ళల్లోనే ఉన్నారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "నాన్న ఎలా ఉన్నారు" అని అడిగి పెట్టెయ్యకండి. ఏం మారింది, ఎప్పట్నుంచి, వారానికి ఎన్నిసార్లు అని అడగండి. ఆ తర్వాత "మరి నువ్వెలా ఉన్నావమ్మా" అని కూడా అడగండి.