పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం

14 అక్టోబర్ 2025, మంగళవారం, తెనాలి

విండోస్ 10కి మద్దతు ఇవాళ్టితో ఆఖరు. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తెచ్చుకునే దారి ఉంది గానీ అది వాయిదా మాత్రమే. మా ప్రెస్సులో కంపోజింగ్ చేసే డెస్క్‌టాప్‌లో ఉన్నది ఆరో తరం ఐ5. విండోస్ 11 కావాలంటే ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి, టీపీఎమ్ 2.0 ఉండాలి. యంత్రం చూస్తే ఇంకా గట్టిగానే ఉంది. ర్యామ్ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ కూడా కొత్తదే. తుక్కుకి వెయ్యడానికి మనసొప్పడం లేదు. లినక్స్ మింట్ వేసుకుంటే హాయిగా నడుస్తుంది. మెయిల్, బిల్లులు, యూనికోడ్‌లో వచ్చే కొత్త పుస్తకాలు అన్నీ అందులో అయిపోతాయి. స్క్రైబస్ కూడా ఇప్పుడు మన వొత్తులూ గుణింతాలూ సరిగ్గా కూరుస్తోంది.

చిక్కల్లా పాత ఫైళ్లతోనే. అల్మరాలోని సీడీల్లో, పాత హార్డ్‌డిస్కుల్లో ఉన్నవన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పుస్తకాలు. కథల సంపుటాలు, శతకాలు, ఊళ్ల చరిత్రలు. ఆ రచయితల్లో కొందరు ఇప్పుడు లేరు, వాళ్ల రాతప్రతులూ లేవు. ఈ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు తెరవాలంటే పేజ్‌మేకర్ కావాలి, దానికి విండోస్ కావాలి. అంటే ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండి తీరాలి. ఎలా ఉంచాలన్నదే ఇప్పుడు తేలాలి.

16 అక్టోబర్, గురువారం

తేల్చుకోబోయే ముందు పని ఏమిటో స్పష్టంగా రాసుకోవడం మంచిది.

యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కింది. అయినా మన ప్రెస్సులు ఎన్నో ఏళ్లు అటు వెళ్లలేదు. కారణం పేజ్‌మేకరే. దాని చివరి పెద్ద కూర్పు 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. అందుకే అను లాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన తలకట్లూ కొమ్ములూ వొత్తులూ ముక్కలుగా పెట్టుకున్నాయి. ఫాంటు తీసేస్తే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. ఫైల్లో తెలుగు లేదు, తెలుగులా కనిపించే బొమ్మలున్నాయి.

యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. బాగానే మారుస్తాయి గానీ వొత్తు కింద వొత్తు వచ్చిన చోటా, అరసున్న దగ్గరా, పద్యాల్లోనూ తప్పులు పడతాయి. ఒక పక్క పాత పేజీ, ఇంకో పక్క మార్చిన పాఠం పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాలి. ఇది ప్రూఫు చూసే పని. ప్రూఫు చూసేవాడికి రెండు కాగితాలూ ఒకేసారి బల్ల మీద ఉండాల్సిందే.

19 అక్టోబర్, ఆదివారం

దీపావళికి మేనల్లుడు వచ్చాడు. బీటెక్ మూడో ఏడు.

‘డ్యూయల్ బూట్ పెట్టేద్దాం మావయ్యా. ఆన్ చెయ్యగానే మెనూ వస్తుంది, నీకు ఏది కావాలంటే అందులోకి వెళ్తావు. వర్చువల్ మెషీన్ పెట్టి ఒక సిస్టమ్ లోపలే ఇంకోదాన్ని నడపాలంటే ఈ 8 జీబీని రెండింటికీ పంచాలి, నెమ్మదిస్తుంది,’ అన్నాడు.

వాడి లెక్క వాడికి సరిగ్గా ఉంది. వాడు ఆడే వాలొరెంట్‌లో మోసాల్ని పట్టే ప్రోగ్రాం వర్చువల్ మెషీన్‌ని ఒప్పుకోదు. కాలేజీ ప్రాజెక్టుకి గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలం కావాలి. మామూలుగా వర్చువల్ మెషీన్‌కి చేతికందేది నకలు కార్డే. అసలు కార్డు అప్పగించడం కుదురుతుంది గానీ అది పెద్ద తతంగం. యంత్రం మొత్తాన్నీ ఒక్క పనికి వాడుకునేవాడికి డ్యూయల్ బూటే మేలు. అందులో నాకు సందేహం లేదు.

వాడు తన కంప్యూటర్‌లో డ్యూయల్ బూట్ పెట్టుకున్న పద్ధతి నచ్చింది. డిస్కుని ముట్టుకోకముందే బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలు, కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాడు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. లినక్స్ నుంచి ఆ డిస్కులో ఏమీ రాయనివ్వదు, బలవంతంగా రాస్తే ఫైళ్లు చెడతాయి. ఇవి చేశాకే పార్టిషన్ తగ్గించాడు.

గడియారం గొడవ కూడా చెప్పాడు. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ యూటీసీగా లెక్కేస్తుంది, విండోస్ స్థానిక సమయంగా లెక్కేస్తుంది. లినక్స్‌లో పని చేసి విండోస్‌లోకి వెళ్తే టైము ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. ఒక్క సెట్టింగుతో సర్దుకుంటుంది. ఆటలాడుకునేవాడికి అదొక వింత, అంతే. ప్రెస్సులో అలా కాదు. రెండో ప్రూఫు ఏదో మూడో ప్రూఫు ఏదో ఫైలు మీది టైము చూసే గుర్తుపడతాం.

21 అక్టోబర్, మంగళవారం

డ్యూయల్ బూట్ విషయంలో నాకు అసలు అభ్యంతరం బూట్ దగ్గరే. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి పాత బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్‌లో నిషేధించింది. పక్కన లినక్స్ ఉన్న యంత్రాల జోలికి అది వెళ్లదని ముందు చెప్పారు. తీరా చూస్తే చాలామందికి మర్నాడు లినక్స్ తెరుచుకోలేదు. పూర్తి దిద్దుబాటు వచ్చేసరికి 2025 మే అయింది. ఒకే వాకిలి ఉన్న ఇంట్లో రెండు కాపురాలుంటే, ఒకరు తాళం మార్చినప్పుడు రెండోవారు వీధిలో నిలబడాల్సి వస్తుంది. డెలివరీ తేదీ ఉన్న ప్రెస్సుకి ఆ అవస్థ వద్దు.

ఇంకొకటి మరీ ముఖ్యం. మద్దతు లేని విండోస్‌ని ఇంటర్నెట్ మీదికి వదలకూడదు. డ్యూయల్ బూట్‌లో అది యంత్రానికి పూర్తి యజమాని అవుతుంది. నెట్‌వర్కూ దాని చేతిలోనే, లినక్స్ ఉన్న పార్టిషనూ దానికి అందుబాటులోనే. వర్చువల్ మెషీన్‌లోనైతే సెట్టింగుల్లో నెట్‌వర్క్ కార్డు టిక్కు తీసేస్తే చాలు, దాని మటుకు ఇంటర్నెట్ అనేదే లేదు.

23 అక్టోబర్, గురువారం

రాత్రి ఈ వర్చువల్ మెషీన్ విద్య చరిత్ర చదువుతూ కూర్చున్నాను. ఇది నిన్నా మొన్నటిది కాదు. ఐబీఎమ్ వాళ్లు 1960లలోనే మెయిన్‌ఫ్రేముల మీద ఒక యంత్రాన్ని చాలా యంత్రాలుగా చూపించారు. వీఎమ్/370 వచ్చింది 1972లో. ఇలాంటి పనికి ప్రాసెసర్‌లో ఏ లక్షణం ఉండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ సూత్రీకరించారు. లోపల నడిచే అతిథి వ్యవస్థ యంత్రం స్థితిని తాకే ఏ ఆదేశమిచ్చినా అది దాన్ని నడిపించే ప్రోగ్రాం కంట పడాలి. మన పీసీల చిప్పులకు మొదట్లో ఆ గుణం ఉండేది కాదు. కంట పడకుండా జారిపోయే ఆదేశాలు పెంటియంలో 17 ఉన్నాయని రాబిన్, ఇర్విన్ 2000లో లెక్క తేల్చారు. వీఎమ్‌వేర్ 1999లోనే దీనికి ఉపాయం పన్నింది. ప్రోగ్రాం నడుస్తుండగానే అలాంటి ఆదేశాలను పట్టి మార్చి రాసేది. 2005 నుంచి ఇంటెల్, మరుసటి ఏడు నుంచి ఏఎమ్‌డీ ఆ శక్తిని చిప్పులోనే పెట్టడం మొదలెట్టాయి. మా పాత ఐ5లోనూ ఉంది. బయాస్‌లో వర్చువలైజేషన్ అన్న చోట ఎనేబుల్ చెయ్యాలి, అంతే. ఎన్నో ఏళ్ల మేధస్సు అక్కడ ఒక్క మీట కింద ఉందంటే గౌరవం కలిగింది.

26 అక్టోబర్, ఆదివారం

మింట్ వేశాను, అందులో వర్చువల్ మెషీన్ నడిపే వర్చువల్‌బాక్స్. దాని లోపల 32 బిట్ విండోస్ 7. అప్పట్లో బాక్సుతో కొన్న లైసెన్సు అది, పాత యంత్రం నుంచి తీసేశాను కాబట్టి ఇక్కడ వాడుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చే లైసెన్సైతే ఆ కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది. ఇది చాలామంది చూసుకోరు.

విండోస్‌కి 2 జీబీ ర్యామ్ ఇచ్చాను. పేజ్‌మేకర్‌కి అది ధారాళం, 2001 నాటి సాఫ్ట్‌వేర్ కదా. యాక్టివేషన్ అయ్యాక నెట్‌వర్క్ తీసేశాను. మింట్‌తో పంచుకునే ఫోల్డర్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, అది గెస్ట్ అడిషన్స్ ద్వారా నడుస్తుంది. పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింటిచ్చి ఆ ఫోల్డర్లో పెడితే మింట్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ దాన్ని పీడీఎఫ్ చేసింది. ఫాంట్లన్నీ చక్కగా ఒదిగాయి. తర్వాత అంతా సరిగ్గా ఉన్న ఈ స్థితిని స్నాప్‌షాట్ తీశాను. రేపు లోపల ఏది చెడినా ఇక్కడికి వెనక్కి రావచ్చు.

28 అక్టోబర్, మంగళవారం

మొంథా తుఫాను ఈ రాత్రికి తీరం దాటుతుందంటున్నారు. పొద్దుటి నుంచీ గాలి, వాన. కరెంటు వస్తూ పోతూ ఉంది. యూపీఎస్ మీద ఉండగానే వర్చువల్ మెషీన్‌ని ఉన్నది ఉన్నట్టు సేవ్ చేసి కంప్యూటర్ ఆపేశాను. ఇలాంటి రోజుల్లో నడుస్తున్న డిస్కు పార్టిషన్లు మార్చే పని ఎవరూ పెట్టుకోకూడదు. మధ్యలో కరెంటు పోతే రెండు సిస్టమ్‌లూ పోవచ్చు. వర్చువల్ మెషీన్‌కి పార్టిషన్‌తో పని లేదు, దాని డిస్కు మొత్తం మింట్‌లో మామూలు ఫైళ్లుగానే ఉంటుంది.

30 అక్టోబర్, గురువారం

సాయంత్రం యంత్రం పెట్టాను. మార్చడం మొదలెట్టిన శతకం పేజ్‌మేకర్‌లో ఏ పద్యం దగ్గర వదిలానో అక్కడే తెరుచుకుంది. ఎడమ పక్క పేజ్‌మేకర్, కుడి పక్క యూనికోడ్ పాఠం. పని సాగింది. స్క్రోల్ చేసేటప్పుడు కొంచెం తడబాటు ఉంది, ప్రూఫు చూసే వేగానికి అది అడ్డు కాదు.

6 నవంబర్, గురువారం

శతకం పూర్తయింది. కవిగారి అమ్మాయికి పీడీఎఫ్ పంపాను. ‘నాన్నగారి పుస్తకం ఇక దొరకదనుకున్నామండీ,’ అన్నారు ఫోన్‌లో.

నా తీర్పు ఇది. ఆటలకీ, వీడియో పనికీ, గ్రాఫిక్స్ కార్డుతో చేసే లెక్కలకీ డ్యూయల్ బూట్. పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త పని పక్కనే ఉంచుకోవాల్సిన ప్రెస్సులకి, డీటీపీ వాళ్లకి వర్చువల్ మెషీన్. ర్యామ్ 8 జీబీ ఉంటే చాలు.

విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు అన్నీ ఉన్న ఆ వర్చువల్ మెషీన్ ఫోల్డర్ మొత్తాన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేశాను. రేపు ఈ కంప్యూటర్ పోయినా ఇంకోదాంట్లో తెరుచుకుంటుంది. లైసెన్సు మాత్రం ఒక్క యంత్రానికే కాబట్టి రెండు చోట్లా నడపను. ఇక గుంటూరు, విజయవాడల్లో నాతో పాటు పని నేర్చుకున్నవాళ్లందరికీ ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి: పాత సిస్టమ్‌లు తుక్కుకి వేసే ముందు పుస్తకాల ఫైళ్లూ, వాటి ఫాంట్లూ, సాఫ్ట్‌వేర్ సీడీలూ తీసి పెట్టండి. ఫాంటు పోతే పుస్తకం పోయినట్టే.