దివిసీమలో నీటి లెక్క

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న నేలే దివిసీమ. అవనిగడ్డ దాటి, కోడూరు మీదుగా హంసలదీవి వైపు సాగుతుంటే నా చూపు పదేపదే నేల వాలు మీదికే పోయింది. ఎక్కడా ఒక మిట్ట లేదు, దిబ్బ లేదు. మొదట వరిచేలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఉప్పు పూసిన బీళ్ళు, మడచెట్లు, చివరికి ఇసుక. ఎత్తుగా కనిపించేవన్నీ మనుషులు కట్టినవే: కరకట్ట, వేణుగోపాలస్వామి గుడి, స్తంభాల మీద నిలిపిన తుఫాను షెల్టర్లు. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన ఈ నేల మీదుగా పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు పది వేలని ప్రభుత్వ లెక్క. అంతకన్నా చాలా ఎక్కువని ఈ సీమవాసుల నమ్మకం. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ప్రతిసారీ మనం వినే వార్త ఇలాంటి నేల మీద బతికేవాళ్ళకు అక్కరకొస్తుందా అన్న ప్రశ్నతో ఈ ఊళ్ళు తిరిగాను. గాలి గురించి మనకు కావలసినంత చెబుతున్నారు, నీటి గురించి చెప్పవలసినంత చెప్పడం లేదు అన్నదే ఇక్కడ నాకు రూఢి అయిన మాట.

తుఫాను వార్తలో సాధారణంగా రెండు సంగతులు ముందుంటాయి. గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లు, తీరం ఎక్కడ దాటుతుంది. రెండో ప్రశ్నకు జవాబు వినగానే ఆ ఊరివాళ్ళు భయపడతారు, మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. దివిసీమ అనుభవం దీనికి పూర్తిగా విరుద్ధం. 1977 తుఫాను మొదట పడమరగా నడిచి, తర్వాత ఉత్తరానికి మళ్ళి, చీరాల సమీపంలో తీరం దాటింది. చీరాలకూ హంసలదీవికీ మధ్య దూరం దాదాపు 80 కిలోమీటర్లు. అయినా చావు వచ్చింది ఇక్కడికే. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. అందువల్ల కోస్తాలో తుఫాను కన్నుకు ఉత్తరాన, తూర్పున ఉన్న ఊళ్ళ మీదికి గాలి సముద్రం నుంచి వీస్తూ నీటిని తోసుకొస్తుంది. దక్షిణాన ఉన్నచోట నేల మీది నుంచి వీచి నీటిని వెనక్కి నెడుతుంది. ఒకే తుఫానుకు ఒకపక్క సముద్రం ఊరి మీద పడుతుంటే మరోపక్క వెనక్కి తగ్గుతుంది. కాబట్టి తీరం దాటే చోటు పేరొక్కటే చెబితే ఆ చోటికి ఉత్తరాన, తూర్పున ఉన్నవాళ్ళకు ప్రమాదం తెలియకపోగా, తమకేమీ కాదన్న తప్పుడు ధైర్యం మిగులుతుంది.

ఈ విషయం వాతావరణ శాఖకు తెలియక కాదు. మచిలీపట్నం రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికలనే చూడండి. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న ఆ సంఖ్యలు ఓడల కోసం ఏర్పరిచినవి. వాటిలో 8, 9, 10 నంబర్ల మధ్య ఉన్న తేడా ఏమిటంటే, తీవ్ర తుఫాను రేవును తనకు ఎడమన ఉంచి దాటుతుందా, కుడిన ఉంచి దాటుతుందా, రేవు మీదుగానే వెళుతుందా అన్నదే. ఏ పక్క అన్నది ఓడ సరంగుకు ప్రాణావసరమని గుర్తించి, దానికి వేరే నంబరే కేటాయించారు. పాలకాయతిప్పలో ఇల్లున్న మనిషికీ అది అంతే అవసరం. కానీ అతనికి అందేది ఒట్టి సంఖ్య. దాన్నిబట్టి తన ఊరు ఏ పక్కన పడుతుందో, నీళ్ళు తన గడప దాకా వస్తాయో, చూరు దాకా వస్తాయో అతను తేల్చుకోలేడు.

గాలి ఎంత బలంగా ఉంటే నీరూ అంతే లేస్తుంది కదా, గాలి వేగం చెబితే చాలదా అనవచ్చు. చాలదు. వాతావరణ పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. 60 మిల్లీబార్లు పడిపోయినా ఆ ఉబ్బు 60 సెంటీమీటర్లే, అంటే మోకాలి లోతు. 1977 నాటి 5 మీటర్లలో మిగిలిన నాలుగు మీటర్లకు పైగా నీటిని పోగుచేసింది గాలి, దానికి తోడు సముద్రపు అడుగు. అడుగు లోతుగా ఉంటే గాలి తోసిన నీరు కిందినుంచి వెనక్కి జారిపోతుంది. మెరకగా ఉంటే జారడానికి చోటు లేక తీరం మీదికి ఎక్కుతుంది. నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంగి ఉండటం వల్ల నీరు పక్కలకూ పోలేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. నగరంలో చెట్లు, స్తంభాలు కూలిపోయాయి. అయినా అక్కడ కొలిచిన ఉప్పెన ఎత్తు సుమారు 1.4 మీటర్లు. విశాఖ ముందు సముద్రం తొందరగా లోతెక్కుతుంది, తీరంలో కొండలున్నాయి. అదే గాలి కృష్ణా ముఖద్వారం దగ్గర వీస్తే వచ్చే నీరు ఇంతకన్నా బాగా ఎక్కువగా ఉంటుంది. పోటు వేళ అయితే ఇంకాస్త పెరుగుతుంది. గాలి వేగం రెండుచోట్లా ఒకటే అయినా ప్రమాదం ఒకటి కాదు.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు బలంగా ఉన్నాయి. చేపల వేటకు వెళ్ళినవాడికి గాలే ప్రాణగండం అన్నది మొదటిది. నిజమే. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని తాకిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోగా, వారిలో ఎందరో వేటలో ఉన్న మత్స్యకారులు. నడి సముద్రంలో ఉన్నవాడికి గాలి, అల. గట్టున ఉన్నవాడికి నీరు. అందుకే ఇద్దరికీ ఒకే హెచ్చరిక చాలదంటున్నాను. మత్స్యకారుడి కోసం గాలి లెక్క ఉండాల్సిందే, దాని పక్కన ఊరి కోసం నీటి లెక్క కూడా ఉండాలి. ఇక, ఇప్పుడు మరణాలు బాగా తగ్గాయి కదా, ఉన్న పద్ధతి పనిచేస్తోంది కదా అన్నది రెండోది. తగ్గిన మాట వాస్తవం, అది చిన్న విజయమూ కాదు. 1990 మే 9న దాదాపు ఇదే తీరాన్ని తాకిన తుఫానుకు లక్షన్నరకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. మరణాలు వెయ్యి లోపే ఆగాయి. 1977తో పోలిస్తే పదో వంతు. కానీ ఆ ప్రాణాలు నిలిచింది మనుషుల్ని నీటికి అందనంత ఎత్తుకు చేర్చినందువల్ల. ఎవరిని చేర్చాలి, ఎంత దూరంలో ఉన్నవాళ్ళ దాకా చేర్చాలి అన్నది తేలాలంటే నీటి లెక్క తప్పదు.

నిపుణులు లేవనెత్తే సందేహం ఇంకొకటుంది, అది వీటికన్నా గట్టిది. 24 గంటల ముందు చెప్పే తుఫాను దారిలో సగటు తేడా ఇప్పటికీ 70–80 కిలోమీటర్లు ఉంటోంది. దారే అంత అటూ ఇటూ అయితే ఏ ఊళ్ళో ఎన్ని అడుగుల నీరో ఎలా చెప్పగలం? ఆ తేడాను ఒకసారి భూమి మీద పెట్టి చూడండి: చీరాల నుంచి హంసలదీవి దాకా ఉన్న దూరం అంతే. తీరం దాటే చోటును ఒక ఊరి పేరుతో చెప్పడం ఎంత బలహీనమో ఆ సంఖ్యే చెబుతోంది. దారి తెలియకపోయినా, ఫలానా తీవ్రత గల తుఫాను అన్నిటికంటే చెడ్డ దారిలో వస్తే ఫలానా ఊళ్ళో నీరు ఎంత ఎత్తుకు లేవగలదో ముందుగానే లెక్కకట్టి ఉంచవచ్చు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, తీరం పొడవునా ముంపు ప్రమాద పటాలను తయారుచేసింది. తుఫాను వేళల్లో ఉప్పెన అంచనాలూ వెలువడుతున్నాయి. శాస్త్రం చేతికొచ్చింది, అది ఊరి గోడ మీదికి చేరాలి. ప్రతి ఊళ్ళో బడి గోడ మీదో, షెల్టరు స్తంభం మీదో 1977 నాటి నీటి మట్టం, రాగల గరిష్ఠ మట్టం రంగుతో గీసి ఉంటే, హెచ్చరిక వచ్చిన రోజున ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మడ అడవులను తిరిగి పెంచితే ఇవేవీ అక్కర్లేదనే వాదన కూడా ఉంది. మడచెట్లు అల తాకిడిని విరుస్తాయి, ఒడ్డు కోతను ఆపుతాయి. వాటిని కాపాడుకోవడం ఎంతో అవసరం. కానీ 5 మీటర్ల ఉప్పెనను అవి పూర్తిగా ఆపుతాయనడం మోసపుచ్చడమే. పైగా ఈ నేల ఎత్తు కూడా స్థిరంగా లేదు. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో డెల్టాకు కొత్త మట్టి చేరడం బాగా తగ్గింది. మరోపక్క హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో నీటి మట్టం ఏటా 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. 1977లో వచ్చినంత ఉప్పెనే మళ్ళీ వస్తే ఇంకా లోపలికి వెళుతుంది.

అందుకని కోస్తా పాఠకులకు ఒక మనవి. తదుపరి వాయుగుండం వార్త విన్నప్పుడు గాలి వేగంతో సరిపెట్టుకోకండి. తీరం దాటే చోటికి మీ ఊరు ఉత్తరాన గానీ తూర్పున గానీ ఉందా, ఆ గంటకు సముద్రం పోటులో ఉంటుందా, మీ ఊళ్ళో నీరు ఎన్ని అడుగులు లేవగలదు అని పంచాయతీని, తహసీల్దారును అడగండి. ఆ జవాబును ఊరి గోడ మీద గీయించేదాకా వదలకండి.