డోలీకి బిల్లు ఎవరిస్తారు?

 

పోయిన ఏడాది మా పెదనాన్న జీలుగు చెట్టు మీద నుంచి పడ్డాడు. తొంటి ఎముక విరిగింది. మా ఊరికి రోడ్డు లేదు. నలుగురు కుర్రాళ్లు దుప్పటితో డోలీ కట్టి నాలుగు కిలోమీటర్లు కొండ దింపారు. సిగ్నల్ దొరికిన చోట 108కి ఫోన్ చేస్తే, బండి వేరే కేసులో ఉంది, ఆలస్యమవుద్దన్నారు. ఆగలేక 1,500కి జీపు మాట్లాడాం. దగ్గర్లోని ఆస్పత్రిలో చూసి విశాఖ తీసుకెళ్లమన్నారు. ప్రైవేటు అంబులెన్సుకి 7,000. అవి పసుపు పంట మీద షావుకారు దగ్గర తెచ్చిన డబ్బులు.

పెదనాన్న కొడుకు విశాఖలో ఒక కంపెనీలో చేస్తాడు. కంపెనీ ఇన్సూరెన్సులో తల్లిదండ్రుల పేర్లు కూడా ఉన్నాయి. ఆపరేషన్ ఖర్చు వాళ్లే కట్టారు. అంబులెన్సు కూడా కవర్ అవుద్దన్నారని అన్నయ్య ధైర్యంగా ఉన్నాడు. చివరికి 8,500లో వచ్చింది 2,000.

ఎందుకో తెలుసుకుందామని పాలసీ పీడీఎఫ్ తెప్పించుకుని హాస్టల్లో రెండు రాత్రులు చదివా. అంబులెన్సు ఖర్చుకి అందులో ఒక పరిమితి ఉంది. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో కూడా హాస్పిటల్లో చేరిన ఒక్కోసారికి 2,000 వరకే. మాములుగా పేషెంటు అడ్మిట్ అయితేనే ఇస్తారు. చూపించి ఇంటికొచ్చేస్తే ఇవ్వరు. బండి రిజిస్టర్ అయిన అంబులెన్సు అయ్యుండాలి, బిల్లు ఉండాలి. మా డ్రైవరు తెల్లకాగితం మీద రాసిచ్చాడు. అది చెల్లదంటే అన్నయ్య మళ్లీ వెళ్లి బండి నంబరున్న బిల్లు తెచ్చాడు. జీపు అంబులెన్సు కాదు కాబట్టి దానికి రూపాయి కూడా రాలేదు.

అందుకే చెప్తున్నా. ముందు 108కే చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైంది, ఉచితం. గర్భిణులకైతే జననీ శిశు సురక్ష కింద ఇంటి నుంచి ఆస్పత్రికి, అక్కడి నుంచి పెద్దాస్పత్రికి, మళ్లీ ఇంటికి కూడా ఉచితంగా చేర్చాలి. డబ్బులడిగితే ఇవ్వకండి. ప్రైవేటు బండి తప్పకపోతే దిగేముందే తేదీ, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నీ ఉన్న రసీదు తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా కంపెనీ ఇన్సూరెన్సు ఉంటే ఆ కాగితం ఇప్పుడే చదివి పెట్టండి. ఆ రోజు చదివే టైం ఉండదు.

పెదనాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. క్లెయిం సంగతి నేను చెప్తుంటే అంతా విని, "మోసినోళ్లకి ఏమిచ్చార్రా?" అని అడిగాడు. ఏమీ ఇవ్వలేదు. ఆ నలుగురూ ఆ రోజు కూలి పోగొట్టుకున్నారు, అడగలేదు కూడా. ఇన్సూరెన్సు లెక్క బండి ఎక్కాకే మొదలవుద్ది. పెదనాన్న ప్రాణం నిలబడింది మాత్రం అంతకుముందు నాలుగు కిలోమీటర్లలో. ఆ దారికి ఏ పాలసీ లేదు. రోడ్డు పడాల్సిందే.