ఎదురింటి కెమెరా

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో మనం బోర్డు చదివేలోపే అంగడి మనల్ని చదివేస్తుంది. గుమ్మం మీద ఒక కెమెరా, తూకం మీద ఒకటి, గల్లాపెట్టె మీద ఇంకొకటి. జనం ఎక్కువగా కూడే చోట్ల ఇవి ఉండి తీరాలని 2013లో, ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం వచ్చింది. అంగళ్ళకు సరే, ఇళ్ళకెందుకయ్యా ఈ నిఘా అని హాస్టల్లో అర్ధరాత్రి దాకా వాదించిన వాళ్ళలో నేనొకణ్ణి. నాతో గొంతు చించుకున్న మిత్రులు ఈ సంచికలో నా పేరు చూసి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి.

మాది జమ్మలమడుగు. 2022లో ఇంటిల్లిపాదీ దసరాకు ప్రొద్దుటూరు పోయినాం. అమ్మవారిశాల అలంకారం చూడకుంటే మా జేజికి పండగ కాదు. ఇల్లు తాళం వేసి ఊరికి పోయేవాళ్ళ కోసం పోలీసుల ఏర్పాటొకటి అప్పటికే ఉంది. ఎల్.హెచ్.ఎం.ఎస్. అంటారు. ఫోనులో నమోదు చేసుకుని, పోయే తేదీలు చెప్తే, వాళ్ళే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూములో మోగుతుంది. రూపాయి ఖర్చు లేదు. నేను చెబితే నాయన, “పోలీసులను మనమే ఇంటికి పిల్చుకునేదేందిరా!” అని కొట్టిపారేసినాడు.

తెల్లారి ఆరింటికి ఫోను. మా ఇంట్లో బోకులు తోమే ఆమె చేసింది. తాళం పగిలి ఉందని.

బీరువాలో జేజి కాసుల దండ పోయింది. మొదట చూసింది ఆమె, బీరువా ఎక్కడుందో తెలిసిందీ ఆమెకే. ఇంకేం కావాల? అనుమానం కింద ఆమె పేరే రాయించినాడు నాయన. ఫిర్యాదు రాసింది నేను. దస్తూరి బాగుంటుందని. రెండు రోజులు ఆమెను పిలిచి అడిగినారు. వీధంతా చూసింది.

పన్నెండో రోజు ఎదురింటి పెద్దాయన వచ్చినాడు. కువైట్‌లో ఉన్న కొడుకు ఆయన ఇంటికి కెమెరాలు పెట్టించినాడు. “మా దాంట్లో మీ గేటు సగం పడతాది, చూచ్చారా?” అన్నాడు. టీవీ కింద పెట్టెలోని హార్డు డిస్కు నిండితే పాత బొమ్మల మీదే కొత్తవి ఎక్కుతాయి. వాళ్ళ దాంట్లో పదిహేను రోజులే నిలుస్తాయి. ఇంకో మూడు దినాలు ఆలస్యమైతే ఏమీ మిగిలేది కాదు.

రాత్రి రెండు గంటలకు ఇద్దరు మగవాళ్ళు గోడ దూకినారు. చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ బొమ్మకు రంగులుండవు, మొహాలు తెల్లటి మచ్చలు. దొంగలెవరో నేటికీ తేలలేదు. కానీ ఆరింటికి ఆమె రావడం, తాళం చూసి నెత్తిన చేతులు పెట్టుకోవడం, లోపలికి అడుగు పెట్టకుండానే పక్కింటికి పరుగెత్తడం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కెమెరా దొంగను పట్టిస్తుందంటారు. మా విషయంలో అది చేసిన పని వేరు.

ఇంటికి ఇట్లాంటి కాపలా కావాలని 1966లోనే ఒక నర్సమ్మకు తోచింది. న్యూయార్కులోని మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. భర్త ఇంట్లో లేని వేళల భయానికి తలుపుకు నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపల టీవీ. ఇద్దరూ కలిసి 1969లో పేటెంటు పొందారు.

ఇప్పుడు మా ఇంటికీ ఉన్నాయి. నా సలహా మీదే పులివెందుల మేనత్త కూడా పెట్టించింది. మరునాడే పక్కింటాయన తగువుకొచ్చినాడు. “మా ఇంటికి ఎవురొచ్చేది ఎవురు పోయేది మీకెందుకమ్మా?” మన వైపు ఆ ప్రశ్న తేలిక కాదు, ఎవరింటికి ఎవరు పోయారన్నదాని మీద ప్రాణాలు నిలిచిన రోజులున్నాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది కూడా. నేనే నిచ్చెనెక్కి కెమెరాను నాలుగు వేళ్ళు కిందికి వంచినాను. బిగించిన కుర్రాడు అన్ని ఇళ్ళకూ ఒకటే పాస్‌వర్డు ఇచ్చి పోయినాడు, అదీ మార్చినాను. మీరూ మార్చుకోండి.

జేజి చీరె తీసుకుని ఆమె ఇంటికి పోయింది. ఆమె కాఫీ ఇచ్చిందట, చీరె తీసుకోలేదట. ఇప్పుడు వేరే వీధిలో పని చేస్తోంది. ఎదురైతే జేజిని పలకరిస్తుంది. నన్ను పలకరించదు.