నీళ్ళు పుట్టే గుట్ట

బొర్రా,
కార్తీకం ఆఖరి ఆదివారం, రాత్రి

చిన్నాయనా,

కాళ్ళు రెండూ వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని ఈ జాబు రాస్తున్నాను. అనంతపురంలో నేను బండెక్కేటప్పుడు నువ్వు అడిగింది ఒకటే: "ఆ కొండల్లో నీళ్ళు ఏ రాయిలోంచి వస్తాయో చూసిరా." ఏడు బోర్లు వేయించి ఐదింట్లో దుమ్ము చూసినోడివి, ఆ మాట నువ్వు కాక ఇంకెవరడుగుతారు! గుహలెట్లున్నాయి, బొంగులో చికెన్ ఎట్లుంది అని అడిగినోళ్ళకు ఫోన్లోనే చెప్పేసినాను. నీకు మాత్రం రాయాల్సిందే.

మేం నలుగురం. నేను, మా బ్యాంకు క్యాషియరు, విజయనగరం లెక్కల మాస్టారు, ఆయన బావమరిది. బావమరిది కొండలెక్కడంలో ఆరితేరినవాడని మాస్టారు ముందే చెప్పినాడు. ఆ సంగతి తర్వాత.

నిన్న తెల్లవారి విశాఖలో కిరండూల్ ప్యాసింజరెక్కినాం. శృంగవరపుకోట, బొడ్డవర దాకా మామూలు పల్లెలు, మామూలు చేలు. అక్కడినుంచి రైలు కొండను చుట్టుకుంటూ ఎక్కుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, ఆ తర్వాత బొర్రా. ఈ లైను మొత్తమ్మీద 58 సొరంగాలంటారు. మాస్టారు వేళ్ళు మడిచి లెక్కపెడుతూ వచ్చి, త్యాడలో జామకాయలు బేరమాడుతూ లెక్క మర్చిపోయినాడు. 1960ల్లో బైలడిల్లా ఇనుపరాయిని జపానుకు పంపడానికి వేసిన దారి ఇది. దిగే గూడ్సు బరువుగా మూలుగుతూ పోతుంది, ఎక్కేది ఖాళీ డబ్బాలా మోగుతూ పోతుంది. కళ్ళు మూసుకుని కూడా ఏది ఎటు పోతోందో చెప్పొచ్చు.

గుహ గురించి కొంచెమే చెబుతాను. మన బెలుం నువ్వు చూసినావు కదా, చేలో బావిలోకి దిగినట్టు దిగి, నేలకింద మూడు కిలోమీటర్ల పైన సాగే గుహ. బొర్రా అట్లా కాదు. ఇక్కడ కొండకే నోరుంది. లోపల గుడిగోపురమంత ఎత్తు. కప్పులో ఒక పెద్ద బొక్క, దాంట్లోంచి వెలుగు గుమ్మరించినట్టు పడుతుంది. అందులోంచే ఒక ఆవు లోపలికి పడిందట. వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఆవు ప్రాణాలతోనే కనబడింది, పక్కన శివలింగం కనబడింది. ఆవు పొదుగులోంచి పారిందని ఈ గుహలోని ఏటికి గోస్తని అని పేరు. 1807లో విలియం కింగ్ జార్జ్ అనే భూగర్భ సర్వే శాఖ దొర ఈ గుహను కనిపెట్టినాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ శాఖ పుట్టిందే 1851లో! శాఖ కంటే నలభై నాలుగేండ్లు ముందే ఉద్యోగంలో చేరిన దొర మీద నాకు గురి కుదరలేదు. ఆవు కథే నయమనిపించింది.

లోపలంతా సున్నపురాయి. వాననీళ్ళు మట్టిలోంచి దిగేటప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడి, రాయిని కరిగిస్తాయి. అట్లా కరిగిన సున్నం చుక్క వెంట వచ్చి కప్పుకు కొంత, నేలకు కొంత అంటుకుంటుంది. అందుకే పైనుంచి మర్రి ఊడలు, కిందినుంచి పుట్టలు. చూసేవాళ్ళకు శివపార్వతులు కనబడతారు. క్యాషియరుకు పనసకాయ కనబడింది. అయితే గోస్తని నీళ్ళు గుహలో పుట్టినవి కావు. నీ ప్రశ్నకు జవాబు ఇంకా పైనుంది.

ఈరోజు పొద్దున ఆరింటికి బయలుదేరినాం. దారి చూపడానికి ఒక కొండదొర పెద్దాయన వచ్చినాడు. కాళ్ళకు హవాయి చెప్పులు, చేతిలో కత్తి, భుజం మీద తువ్వాలు. అంతే ఆయన సామాను. మావాళ్ళ సంచుల్లో తాడు, టార్చి, నొప్పుల మందు, మూడు రకాల బిస్కట్లు. బావమరిది కొత్త బూట్లు వేసుకున్నాడు.

కటికి జలపాతం దాకా జీపులు పోతాయి, మేం నడిచినాం. దాని ఎత్తు యాభై అడుగులని ఒకరంటారు, నూరని ఇంకొకరంటారు. కిందనుంచి తలెత్తి చూస్తే నూరన్నవాడి మాటే వినబుద్ధవుతుంది. వానలు ఆగి నెల దాటినా హోరు తగ్గలేదు. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, వీళ్ళకు అంతకు రెట్టింపు పైనే. కానీ చిన్నాయనా, వాన ఎక్కువ పడటం వేరు, పడింది నిలవడం వేరు. అసలు వింత నిలవడంలో ఉంది.

జలపాతం పక్కనుంచి పైకి దారంటూ లేదు. మనుషుల అడుగులు పడి నున్నబడిన గాడి ఒకటుంది. ఎర్రమట్టి మంచుకు తడిసి సబ్బులా ఉంది. నిటారుగా ఉన్నచోట అడ్డతీగ పట్టుకున్నాం. అదీ లేనిచోట కొండచీపురు గడ్డి పట్టుకున్నాం, అరచేతులు గీరుకుపోయినాయి. పదడుగులేస్తే నిలబడాల, ఊపిరి పీల్చాల. క్యాషియరు చెట్టునానుకుని తన ప్రావిడెంటు ఫండుకు నామినీ ఎవరో గుర్తు చేసుకున్నాడు. బావమరిది బూటు జారి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఇరవై అడుగులు కిందికి పోయి ఒక పనసచెట్టు దగ్గర ఆగినాడు. దెబ్బలేం తగల్లేదు, మాట మాత్రం మధ్యాహ్నం దాకా రాలేదు.

"బేగి రండి బాబూ, ఎండెక్కిపోతాది" అంటాడు పెద్దాయన, పైనెక్కడో కొమ్మల్లోంచి.

మేం వేళ్ళతో వేర్లు పట్టుకుని వేలాడుతున్నప్పుడు పైనుంచి ఇద్దరాడవాళ్ళు దిగినారు. నెత్తిన కట్టెలమోపులు. ఒకామె వీపున గుడ్డలో బిడ్డ, నిద్రపోతోంది. మాకు దారివ్వడానికి వాళ్ళే పక్కకు జరిగినారు. ఏదో అనుకుని నవ్వినారు. ఏమన్నారని అడిగితే పెద్దాయన చెప్పలేదు. ఇట్లాంటి గూడేల్లో జబ్బు చేస్తే మనిషిని డోలీ కట్టి దించుతారని మాత్రం చెప్పినాడు. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని, మేం జారిన ఆ గాడిలోనే.

గాడి దాటినాక కాఫీతోట. సిల్వరోకు చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. పండ్లు ఎర్రబడి కోతకొచ్చినాయి. ఒకటి చప్పరించినాను, పైతోలు తియ్యగా ఉంది. ఆ పైన చదునులో వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు. పక్కనే ఒక గూడెం. అక్కడ చోడి అంబలి పోసినారు. చోళ్ళంటే మన రాగులే. మనం సంగటి చేసుకుని తినేదాన్ని వీళ్ళు పలచగా కాచి తాగుతారు. నేను తెచ్చిన చెనిక్కాయ ఉండలు ఇస్తే పిల్లలు క్షణంలో పంచుకున్నారు.

అక్కడ కూర్చున్నప్పుడు పెద్దాయన ఎదురు కొండ చూపించి నిమ్మలపాడు అనే ఊరి పేరెత్తినాడు. ఈ కొండల్లో కాల్సైటు, అభ్రకం ఉన్నాయి. తవ్వుకోవడానికి ప్రభుత్వం కంపెనీలకు లీజులిస్తే సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి బదలాయించకూడదన్న 1970 చట్టం సర్కారుకూ వర్తిస్తుందని 1997 జులైలో తీర్పొచ్చింది. దేశమంతా న్యాయశాస్త్రం చదివేవాళ్ళు సమత తీర్పని చదువుకునేది ఈ గుట్టల గురించే. మాస్టారు దాన్ని తేదీలతో సహా చెప్పినాడు. పెద్దాయన అంతా విని, "అవును బాబూ, తవ్వనేదు" అని అంబలి గిన్నె కడుక్కున్నాడు.

ఇంకో గంట ఎక్కితే శిఖరం. పేరడిగితే "కొండ" అన్నాడు. దూరాన గాలికొండ వరసలు, లోయలో అగ్గిపెట్టెల బారులా గూడ్సు. ఆ దృశ్యం ఫోటోల్లో చూద్దువులే. నీకు చెప్పాల్సింది శిఖరానికి కాస్త కిందున్న చోటు గురించి.

గట్టు వారన నేల చెమ్మగా ఉంది. చీల్చిన వెదురుబొంగు ఒకటి మట్టిలోకి గుచ్చి పెట్టినారు. దాని కొసనుంచి చిటికెనవేలంత ధార. ఎండాకాలం సన్నబడుతుంది కానీ ఆగదట. రాయి ఏదో చూసినాను. ఎరుపు, తెలుపు కలిసిన రాయి, ఎర్ర గార్నెట్ నలుసులు మెరుస్తున్నాయి. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరుమీదే దానికి ఖోండలైట్ అని పేరు పెట్టినారు. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా దీంతోనే. గోటితో గీకితే రాలింది. పైభాగమంతా పుచ్చి మట్టిగా మారింది, దాని మీద అడవి ఉంది. వాన పడితే ఆ మెత్తనంతా పీల్చుకుని, కింద గట్టిరాయి తగలగానే పక్కకు వదుల్తుంది. మన దగ్గర పలచని మట్టి, కింద నల్లబండ. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే నీకు తెలిసిందే. ఇట్లాంటి ధారలు ఎన్నో కలిసి కటికి దగ్గర దూకుతాయి, గుహ తొలుస్తాయి, తాటిపూడి జలాశయంలో నిలిచి విశాఖ కుళాయిల్లోకి పోతాయి, మిగిలినవి భీమిలి దగ్గర సముద్రంలో పడతాయి.

దోసిలి పట్టి తాగినాను. చల్లగా, ఇంత ఇనుము రుచి.

దిగడం ఎక్కడం కంటే కష్టం. మోకాళ్ళు అక్కడే పోయినాయి. గాడిలో కూర్చుని దిగుతుంటే పెద్దాయన నా పక్కనే వస్తూ, మీ ఊళ్ళో నీళ్ళు ఏ కొండనుంచి వస్తాయని అడిగినాడు. కొండనుంచి కాదు, నేలకింద ఎనిమిది వందల అడుగుల లోతునుంచి అని చెప్పినాను. ఆయన నిలబడిపోయినాడు. కత్తి ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని, మేం పొద్దుట్నుంచీ ఎక్కిన కొండను ఒకసారి కిందినుంచి పైదాకా చూసినాడు.

"అంత లోతా! మరి కుండ పట్టుకుని ఎలాగ దిగుతారు బాబూ?" అన్నాడు.