మోకాలు నేర్పిన పాఠము



మాది గూడూరు దగ్గర పల్లె. ఉన్నది రెండెకరాల నిమ్మతోట. ముప్పై ఏండ్లు చెట్ల కింద గొంతుక్కూర్చొని పాదులు తీశాను, కాయల బస్తాలు మోశాను. నలభై ఎనిమిదో ఏట ఎడమ మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైంది. క్రమేణా అది దొడ్డికాలైంది. ఆదివారము అందరూ మోకరిస్తే, నేనొక్కడినే బెంచీ పట్టుకొని నిలబడేవాడిని.

పట్నంలో ఒక క్లినిక్ వారు, "గుజ్జు అరిగింది. మీ కొవ్వు నుండి మూలకణాలు తీసి ఇంజెక్షన్ చేస్తే కొత్త గుజ్జు పుడుతుంది" అన్నారు. వారడిగిన సొమ్ముకు ఎకరము అమ్మాలి. బేరము కూడా కుదిరింది. నా భార్య, "తోట పోయాక కాలు బాగై ఎక్కడికి నడుస్తారండీ? ఇంకొక డాక్టరుగారికి చూపించి అమ్ముదాము" అన్నది. కోపమొచ్చింది గాని, బయానా తీసుకోకుండా ఆగాను.

రైలులో కాట్పాడి దిగి, 1900లో ఐడా స్కడ్డర్ అమ్మగారు ఒక్క మంచముతో మొదలుపెట్టిన వేలూరు ఆసుపత్రికి వెళ్లాము. అక్కడి డాక్టరుగారు నన్ను నిలబెట్టి, తుంటి నుండి మడమ వరకు ఎక్స్‌రే తీయించారు. "లోపలి సగమే అరిగిందయ్యా, బయటి సగము బాగుంది. ఇరుసు వంగిన బండికి కొత్త టైరు వేసినా ఒక పక్కే అరుగుతుంది గదా" అన్నారు. మోకాలి కింది ఎముకను కోసి, కాలు తిన్నగా చేసి, ప్లేటు బిగించారు. బరువు బాగున్న సగము మీదికి మారింది. కీలు మాత్రము నాదే.

ఎముక అతికేవరకు చంక కర్రలతో గడిపిన నెలలు తేలికైనవి కావు. ముందు ముందు కీలు మార్పిడి అవసరము రావచ్చని కూడా చెప్పారు. కీలంతా అరిగిన పెద్దవారికి ఈ ఆపరేషను సరిపడదు. వారికి మార్పిడే మేలు.

మూలకణాలన్నీ మోసమని నేననను. బెంగుళూరు స్టెంప్యూటిక్స్ సంస్థ దాతల ఎముక మూలుగ నుండి తయారుచేసిన స్టెంప్యూసెల్ మందుకు, మోకాలి అరుగుదల కోసము 2022లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతినిచ్చారు. ఆ అనుమతి ఆ మందుకే. మన కొవ్వు తీసి అక్కడికక్కడే ఎక్కించడానికి అది వర్తించదు. రక్త వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప, అనుమతిలేని మూలకణ చికిత్సను పరిశోధనలో భాగముగానే చేయాలని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నవి. కనుక పొలము అమ్మకముందే అడగండి: మందు పేరేమిటి? అనుమతి ఉన్నదా? నా కాలు తిన్నగా ఉన్నదా?

నేడు కూడా మోకరిస్తే ప్లేటు ఒత్తుతుంది. అందుకే బెంచీ మీద కూర్చొని ప్రార్థిస్తాను. కాని తెల్లవారుజామున రెండెకరాలూ నడిచి వస్తాను. ఆ రెండో ఎకరములో అడుగుపెట్టిన ప్రతిసారీ నా భార్య మాట జ్ఞాపకమొచ్చి, దేవునికి స్తోత్రము చెల్లిస్తాను.